మా రెండో స్థానం

నాకు కోపం ముక్కు మీదుంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. నిజమే. ఆ కోపం వల్ల నేను పోగొట్టుకున్నవి చాలా ఉన్నాయి గాని, అది బాగా పనికొచ్చిన సందర్భం కూడా ఒకటుంది. అప్పుడు నేను తిరువూరు హైస్కూల్లో తొమ్మిదో తరగతి చదువుతున్నాను. డెబ్బైలు అయిపోవస్తున్న రోజులు.

స్కూలుకి ఒకే ఒక్క పేపరు వచ్చేది. బెజవాడ బస్సులో దిగిన ఆ పేపర్ని ముందు హెడ్మాస్టారు చదివేవారు. తర్వాత లెక్కల మాస్టారు, ఇంగ్లీషు మాస్టారు, తెలుగు పండితులు, అలా సర్వీసు ప్రకారం చేతులు మారి చివరికి డ్రిల్లు మాస్టారికి చేరేది. అందరూ మొదటి పేజీలోని రాజకీయాలు చదివి పోట్లాడుకునేవారు కాబట్టి ఆటల పేజీ మాత్రం మడత నలగకుండా ఆయన చేతికొచ్చేది.

ఒకరోజు ఆయన ఆ పేజీలోంచి నాలుగు లైన్ల ముక్క బ్లేడుతో కోసి, అన్నం మెతుకులు రాసి నోటీసు బోర్డుకి అంటించారు. ఆసియా దేశాల ఆడవాళ్ళ ఫుట్‌బాల్ పోటీలో మన దేశపు జట్టు ఫైనల్ దాకా వెళ్ళి రెండో స్థానంలో నిలిచిందని అందులో ఉంది. మన దేశంలో ఆడవాళ్ళకో ఫుట్‌బాల్ జట్టు ఉందన్న సంగతే మాకప్పటిదాకా తెలియదు. ఉందని తెలిసిన రోజే రెండో స్థానమని కూడా తెలిసింది. నేను ఆ నాలుగు లైన్లూ రెండుసార్లు చదివాను. పక్కనే నిలబడ్డ పదో తరగతి అబ్బాయిలు కూడా చదివారు. చదివి, బంతిని ఓణీలో మూటగట్టుకుని తీసుకెళ్ళారేమో అని నవ్వుకున్నారు.

ఆ నవ్వుకి నాకు కోపం నెత్తికెక్కింది. అదే ఊపులో హెడ్మాస్టారి గదిలోకి వెళ్ళి, ఆడపిల్లలకి కూడా ఫుట్‌బాల్ నేర్పించమని అడిగేశాను. అడిగాక భయం వేసింది.

మా హెడ్మాస్టారు కాదనే మనిషి కాదు. అవుననే మనిషి కూడా కాదు. మధ్యలో ఒక షరతు పెట్టి కూర్చుంటారు. పైగా విస్సన్నపేట హెడ్మాస్టారు ఆయనకి తోడల్లుడు. అక్కడి ఆడపిల్లలు ఏడాదిగా బంతి ఆడుతున్నారని ఆ తోడల్లుడు అత్తగారింట్లో భోజనాల దగ్గర గొప్పలు చెప్పుకున్నాడట. ఆ మంట ఈయన కడుపులో ఉన్నట్టుంది. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"నెల రోజులు, నాలుగింటి నుంచి ఐదింటి దాకా గ్రౌండు మీది," అన్నారు. "నెలాఖర్న విస్సన్నపేట పిల్లల్ని పిలిపిస్తాను. వాళ్ళ మీద ఒక్క గోలు కొట్టండి, ఆ గంట ఎప్పటికీ మీదే. కొట్టలేకపోయారా, మళ్ళీ రింగాటకి పొండి."

రింగాట అంటే స్కూలు వెనక, బావి పక్కన, నాలుగు మంచాలు వేసేంత జాగాలో రబ్బరు రింగుని అటూ ఇటూ విసురుకోవడం. గ్రౌండంతా అబ్బాయిలదే. నిజం చెప్పాలంటే బంతి మీద నాకంత మోజు లేదు. నాక్కావలసింది ఆ గంట. నాలుగింటికి బెల్లు కొడితే నేరుగా ఇంటికెళ్ళి వాకిలి ఊడ్చాలి, దీపం బుడ్లు తుడవాలి, బావి దగ్గర్నుంచి బిందెలు మొయ్యాలి. నేను పరిగెత్తానంటే ఎవరో పిలిచారనో, పాలు పొంగాయనో, వాన పడి మిరపకాయలు తడుస్తున్నాయనో అయ్యుండేది. ఏ పనీ లేకుండా, ఎవరూ పిలవకుండా, ఊరికే పరిగెత్తాలని నాకెంత ఆశగా ఉండేదో ఇప్పటికీ చెప్పలేను.

అబ్బాయిలు వాళ్ళ బంతి మాకిచ్చేది లేదన్నారు. డ్రిల్లు మాస్టారు బెజవాడ నుంచి కొత్త బంతి తెప్పించారు. బస్సులో వచ్చే పార్సిళ్ళు మెయిన్ రోడ్డు మీద మా నాన్న కిరాణా కొట్లోనే దించేవారు. నాన్న దాన్ని మధ్యాహ్నం భోజనానికి వస్తూ ఇంటికి తెచ్చాడు. నేను స్కూల్లో ఉన్నాను. అక్కడే కొంప మునిగింది.

మా నాయనమ్మకి కొత్త వస్తువు ఏదొచ్చినా ఒకటే పద్ధతి. సైకిలొచ్చినా, కుట్టు మిషనొచ్చినా, రేడియో వచ్చినా, పసుపు రాసి కుంకుమ పెట్టి హారతివ్వాల్సిందే. సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి బంతి దేవుడి పటాల ముందు కొత్త పెళ్ళికూతురిలా కూర్చునుంది. ఒళ్ళంతా పసుపు, మూడు కుంకుమ బొట్లు, నెత్తిన మందార పువ్వు, ముందు బెల్లం ముక్క. నాయనమ్మ ఆ బెల్లం ముక్క నా నోట్లో పెట్టి, శుభం జరుగుతుందిలే అంది.

మర్నాడు నాలుగింటికి బంతిని గ్రౌండు మధ్యలో పెట్టాం. జట్టుకి పేర్లిచ్చిన పదకొండు మందిమీ చుట్టూ నిలబడ్డాం. ఒక్కరూ కాలెత్తలేదు.

మా అందరిలోకీ గట్టి కాళ్ళు వినగడప నుంచి వచ్చి మేనత్త ఇంట్లో ఉండి చదువుకునే రైతు బిడ్డవి. ఆ పిల్ల మీదే మా ఆశంతా. ఆమె ముందుకొచ్చి, చెప్పులు విడిచి, బంతికి దణ్ణం పెట్టి, వెనక్కొచ్చి కూర్చుంది.

"నా వల్ల కాదే. బొట్టు పెట్టినదాన్ని తంతే కళ్ళు పోతాయ్."

డ్రిల్లు మాస్టారు అది ఉత్త తోలు బంతేనని మాకు నచ్చజెప్పడానికి చూశారు. అయితే మీరే ఒకసారి తన్ని చూపించండి సార్ అని నేనన్నాను. ఆయన బంతి వంకా, ఆకాశం వంకా చూసి, ఈల మెళ్ళోంచి తీసి జేబులో పెట్టుకున్నారు. ఆ రోజు గంటసేపూ మేము బంతి చుట్టూ పేరంటానికి వచ్చినట్టు కూర్చుని లేచొచ్చాం. అబ్బాయిలు అరుగు మీద కూర్చుని, తాంబూలాలు ఎప్పుడిస్తారని అడిగారు.

ఇంటికెళ్ళి నాయనమ్మ మీద విరుచుకుపడ్డాను. ఉన్నది నెల రోజులు, అందులో ఒక రోజు నీ బొట్టు మింగేసింది అన్నాను. ఆవిడ ఏమాత్రం నొచ్చుకోలేదు. చింతపండులో గింజలు తీసుకుంటూ, నేను రొప్పడం ఆగేదాకా ఆగింది.

"పసుపు వినాయకుణ్ణి చేస్తాం. పూజ చేస్తాం. అయ్యాక ఉద్వాసన చెప్పి తీసి చెట్టు మొదట్లో పెట్టేస్తాం. ఇహ అది ఉత్త పసుపు ముద్దే గదే. మీ బంతికి మాత్రం ఏమొచ్చింది?"

మర్నాడు నాలుగింటికి నాయనమ్మ గ్రౌండుకొచ్చింది. ఆవిడ స్కూలు గేటు లోపలికి రావడం అదే మొదటిసారి. బంతి మీద నాలుగు అక్షింతలు వేసి, "స్వామీ, నీ పని అయింది, నువ్వెళ్ళిరా, ఇహ వీళ్ళ పని మొదలవుద్ది," అని చెప్పి, దాన్ని ఈశాన్యం మూలకి కొంచెం కదిపి, కొంగుతో బొట్లు తుడిచేసింది. తర్వాత పక్కకి జరిగి, ఇహ తన్నుకోండి అంది.

వినగడప పిల్ల ఒక్క తన్ను తన్నింది. బంతి గోడ దాటి రోడ్డు మీద గంపలగూడెం వైపు పోతున్న పత్తి బండిలో పడింది. బండివాడు చూసుకోలేదు. డ్రిల్లు మాస్టారు ఈల ఊదుకుంటూ పొలిమేర దాకా ఆ బండి వెంట పరిగెత్తారు. ఆ గంట కూడా అలా గడిచింది.

ఆయన బంతితో తిరిగొచ్చేలోపు నాయనమ్మ నోటీసు బోర్డు ముందు నిలబడి, ఆ ముక్క చదవమంది. ఆవిడకి చదువు రాదు. నేను చదివాను.

"ఆ పిల్లల పేర్లేంటే?" అంది.

పేర్లు రాయలేదన్నాను. ఏ ఊరి పిల్లలని అడిగింది. అదీ రాయలేదన్నాను.

"శుభలేఖలో కూడా పిల్ల పేరేస్తారు గదే. ఇంత పని చేస్తే పేరెయ్యలేదా?" అని ఆ కాగితం ముక్క వంక కాసేపు చూసి, నాకేసి చూసింది. పేర్లు వెయ్యకపోవడం నా తప్పయినట్టు. నాకూ అప్పుడే గమనింపుకొచ్చింది. రెండుసార్లు చదివినా నాకా లోటు తట్టలేదు.

ఆట మొదలైంది గాని, అసలు చిక్కు అప్పుడే వచ్చింది. మా ఇళ్ళల్లో ఎవరికైనా కాలు తగిలితే, వెంటనే వాళ్ళని చేత్తో తాకి ఆ చేతిని కళ్ళకద్దుకోవాలి. పుస్తకానికి తగిలినా అంతే, చీపురుకి తగిలినా అంతే. పాలు తాగే వయసు నుంచీ అలవాటు. ఫుట్‌బాల్లో కాళ్ళు తగలకుండా ఎలా ఉంటాయి? బంతి కోసం ఇద్దరు పరిగెత్తేవాళ్ళం. కాలికి కాలు తగిలేది. ఇద్దరమూ ఆగి, వంగి, ఒకరినొకరు తాకి కళ్ళకద్దుకునేవాళ్ళం. ఈలోగా బంతి దాని దారిన పల్లేరు కాయల్లోకి పోయేది. పదో తరగతి అక్క తొమ్మిదో తరగతి పిల్లని తంతే, పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకి పెట్టాలా వద్దా అని మధ్యలో చర్చ. ఒకసారి ముగ్గురికి ఒకేసారి తగిలి, ఎవరికి ఎవరు పెట్టారో తేలక మళ్ళీ మొదట్నుంచి పెట్టుకున్నాం.

డ్రిల్లు మాస్టారు జుట్టు పీక్కున్నారు. కాలు తగిలితే నేను ఫౌలిస్తాను గదా, మీరెందుకమ్మా ఈ దణ్ణాలని బతిమాలారు. ఫౌలు ఆటకండీ, దణ్ణం కాలికండీ అని వినగడప పిల్ల చెప్పింది. నేను రోజూ అందరి మీదా అరిచేదాన్ని. అరుస్తూ అరుస్తూనే కాలు తగిలితే నా చెయ్యి దానంతటదే కళ్ళకి పోయేది.

నెల తిరిగింది. విస్సన్నపేట పిల్లలు ట్రాక్టరు ట్రక్కులో వచ్చారు. వాళ్ళూ మాలాగే ఓణీలు నడుముకి దోపి, లంగాలు ఎగ్గట్టుకుని, ఉత్తకాళ్ళతో దిగారు. ముందు సీట్లో తోడల్లుడు. మా హెడ్మాస్టారు ఎదురెళ్ళి చెయ్యి పట్టుకుని నవ్వారు గాని, ఆ నవ్వులో పళ్ళు తప్ప ఇంకేం లేదు. ఊళ్ళో సగం మంది గోడ మీదే ఉన్నారు. మా నాన్న, ఫుట్‌బాల్ మాట దాచి, నేను డ్రిల్లు నేర్చుకుంటున్నానని కొట్టుకి వచ్చిన వాళ్ళందరికీ చెప్పుకున్న మనిషి, మ్యాచికి రానన్నాడు. రాలేదు కూడా. గేటు బయట సోడా బండి దగ్గర నిలబడి సోడా తాగాడు. ఆట అయ్యేదాకా తాగుతూనే ఉన్నాడు.

మొదటి సగం గురించి చెప్పుకోవాలంటే ఇప్పటికీ సిగ్గే. వాళ్ళకి ఏడాదిగా ఆడి ఆడి ఆ దణ్ణం అలవాటు పోయింది. తగిలినా ఆగరు. వాళ్ళు మమ్మల్ని తన్నినా మేమే ఆగి కళ్ళకద్దుకుంటున్నాం. అలా ఆగిన మూడుసార్లూ మూడు గోల్లు. ఇంకా పడేవే గాని, గోలు కాసే మా గోలీ పిల్ల లంగా రెండు చేతులా పరిచి, చింతకాయలు పట్టినట్టు రెండు బంతులు ఒడిలో పట్టింది. అది చెల్లదని తోడల్లుడు కుర్చీలోంచి లేచారు. డ్రిల్లు మాస్టారు రూల్సు పుస్తకం తీసి మొదట్నుంచి చివరిదాకా తిరగేసి, అందులో లంగా ప్రస్తావనే లేదని ప్రకటించారు.

సగం ఆటకి ఈల వేశారు. మూడు సున్నా. మా హెడ్మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నారు. నాకు ఏడుపొచ్చేసింది. ఓడిపోతున్నందుక్కాదు. సోమవారం నాలుగింటికి బెల్లు కొడతారు, నేను వాకిలి ఊడవడానికి ఇంటికెళ్తాను, అదొక్కటే కళ్ళ ముందు కనపడింది. నా గంట పోతోందని నాయనమ్మ దగ్గర కూర్చుని పైకే ఏడ్చాను.

నాయనమ్మ నా మొహం తుడిచి లేచింది. నేరుగా గ్రౌండు మధ్యలోకి నడిచింది. రెండు జట్లనీ రమ్మంది. పెద్దావిడ పిలిస్తే రాకుండా ఎవరుంటారు, వాళ్ళూ వచ్చారు. ఎదురెదురుగా రెండు వరసల్లో నిలబెట్టింది.

"ఇప్పటిదాకా తగిలినవాటికి, ఇహ మీదట తగలబోయేవాటికి, అన్నిటికీ కలిపి ఇప్పుడే పెట్టేసుకోండి. ఆట అయ్యేదాకా మళ్ళీ ఎవరూ వంగక్కర్లా. ఏదన్నా పాపముంటే నా ఖాతాలో వేసుకుంటా."

మేము ఒక్కొక్కరం ఎదుటి వరసలో అందర్నీ తాకి కళ్ళకద్దుకున్నాం. విస్సన్నపేట పిల్లలు ముందు కిసుక్కుమన్నారు గాని, తర్వాత వాళ్ళూ మమ్మల్ని తాకారు. ఊరి జనం గోడ మీద నుంచి చూస్తూ ఇది కూడా ఆటలో భాగమేననుకున్నారు. డ్రిల్లు మాస్టారికి మాత్రం అర్థమైంది. నెల రోజులుగా తను చెయ్యలేని పని ఆవిడ రెండు నిమిషాల్లో చేసింది. ఆయన నాయనమ్మకి దణ్ణం పెట్టారు.

తర్వాత మేము తన్నాం. అబ్బ, ఎంత హాయిగా తన్నామో. బంతిని తన్నాం, బంతనుకుని కాళ్ళని తన్నాం, ఒకరినొకరం తన్నుకున్నాం. ఎవరూ ఆగలేదు. వాళ్ళింకో గోలు వేసినా మాకు పట్టలేదు. చివర్లో వినగడప పిల్ల మా వైపు నుంచి కొట్టిన బంతి, పత్తి బండి రోజు తన్నినట్టే, గాల్లో లేచి వాళ్ళ గోలు ముందు పడింది. అక్కడ నేనున్నాను. ఎందుకున్నానో తెలియదు, ఊరికే పరిగెత్తుకుంటూ అటొచ్చాను. వాళ్ళ గోలీ, రెండు జడలు పైకి మడిచి రిబ్బన్లు కట్టుకున్న పొడుగాటి పిల్ల, బంతి మీద పడింది. నేను కాలు విసిరాను. కాలు బంతికీ తగిలింది, ఆ పిల్ల మణికట్టుకీ తగిలింది. నా చెయ్యి సగం దాకా లేచింది గాని, అప్పటికి బంతి గోలుకి పాతిన రెండు సర్వే కర్రల మధ్య నుంచి వెళ్ళిపోయింది.

గోడ మీద జనం దూకేశారు. సోడా బండి దగ్గర సీసా పగిలిన చప్పుడైంది. మా వాళ్ళు నన్ను ఎత్తబోయి కింద పడేశారు. నేను లేచి చూస్తే ఆ పిల్ల మణికట్టు పట్టుకుని అక్కడే కూర్చునుంది. వెళ్ళి తాకి కళ్ళకద్దుకున్నాను.

"ముందే పెట్టావుగా," అంది నొప్పిగానే నవ్వుతూ.

"అవన్నీ ఎప్పుడో అయిపోయాయి," అన్నాను.

నాలుగు ఒకటితో ఓడిపోయాం. ఊరంతా గెలిచామనే అనుకుంది. తోడల్లుడికి మాత్రం ట్రాక్టరు ఎక్కేదాకా అర్థం కాలేదు, ఓడినవాళ్ళు ఇంత సంబరం ఎందుకు చేసుకుంటున్నారో. హెడ్మాస్టారు అందరి ముందూ ఆ గంట మాదేనని చెప్పారు. అని, రేపట్నుంచే అని కూడా అన్నారు. రేపు ఆదివారమని ఎవరో గుర్తు చెయ్యాల్సి వచ్చింది.

సోమవారం నోటీసు బోర్డు మీద, ఆ నాలుగు లైన్ల ముక్క కింద, డ్రిల్లు మాస్టారు తెల్ల డ్రాయింగు కాగితం అంటించారు. పైన పెద్దక్షరాలతో "మన ఆడపిల్లల జట్టు: రెండో స్థానం" అని రాశారు. కింద ఒకటి నుంచి పదకొండు దాకా మా పేర్లు, ఇంటిపేర్లతో సహా. హెడ్మాస్టారు ఆగి చదివి, ఆడింది రెండు జట్లే గదండీ అన్నారట. అవునండీ, అందులో రెండోది మనదే అన్నారట డ్రిల్లు మాస్టారు.

నాయనమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి నాన్న కూడా వెంట వచ్చాడు, స్కూలుకి సున్నం బస్తా ఇవ్వాలన్న వంక మీద. నా చేత పదకొండు పేర్లూ చదివించుకుంది. నా పేరు ఏడోది. అన్నీ విన్నాక పైనున్న పేపరు ముక్క మీద వేలు పెట్టింది.

"నాలుగూ ఒకటితో ఓడితేనే మీ పేర్లు రాశారు. ఆసియా అంతట్లో రెండోవాళ్ళకి లేవు. వాళ్ళవి కూడా కనుక్కుని రాయమనవే మీ మాస్టార్ని."

నేను నోరెత్తేలోపే నాన్న జేబులోంచి పెన్ను తీశాడు. పేపరు వాళ్ళకి కార్డు తనే రాశాడు, ఆ పిల్లల పేర్లు దయచేసి తెలియజేయగలరని, మా ఊరి బోర్డు మీద వాటికి చోటుంచామని. డ్రిల్లు మాస్టారు మా పేర్ల పైన ఇంకో కాగితం అంటించి, ఒకటి నుంచి పదకొండు దాకా అంకెలు వేసి, పక్కన ఖాళీలు వదిలారు.

జవాబు రాలేదు. నాన్న ఇంకో రెండు కార్డులు రాశాడు. వాటికీ రాలేదు. మెతుకుల కోసం చీమలు పట్టి ఆ కాగితం అంచులు తినేశాయి గాని, మాస్టారు దాన్ని తీసెయ్యలేదు, ఊడినప్పుడల్లా మళ్ళీ అంటించారు. నేను పదో తరగతి అయ్యి బయటికొచ్చేదాకా ఆ పదకొండు ఖాళీలు అక్కడే ఉన్నాయి. రోజూ నాలుగింటికి బెల్లు కొట్టగానే మేము వాటి ముందు నుంచే గ్రౌండుకి పరిగెత్తేవాళ్ళం, ఏ పనీ లేకుండా, ఎవరూ పిలవకుండా.